బరువు లేని కిరీటం

ఆ కిరీటాన్ని ఎత్తబోయే ముందు కాళ్ళు రెండూ కాస్త ఎడం చేసుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. మూరెడు ఎత్తు, ఒళ్ళంతా బంగారు వన్నె, నొసటి మీద నాగపడగ, వేలెడు సందు లేకుండా అద్దం బిళ్ళలు. ముందటి రాత్రి మా వాడ నడుమ కీచకుడి తలమీద చూసినప్పుడు అది ఇత్తడిదేననుకున్నాను. బలమంతా పెట్టి లేపేసరికి అది గాలిలోకి లేచి నా గడ్డానికే కొట్టుకుంది. పక్కన కూర్చుని గజ్జెలు లెక్కపెట్టుకుంటున్న ముసలాయన తలెత్తి చూశాడు. "బరువు కనవడాలె బిడ్డా, ఉండొద్దు" అని మళ్ళీ లెక్కలో పడ్డాడు.

1980ల మొదట్లో, నేను పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలం అది. మానుకోట దగ్గరి మా ఊరికి చిందు మేళం వచ్చింది. చిందువాళ్ళు మా మాదిగ వాడలకు ఆశ్రితులు. ఏ కుటుంబం ఏ ఊళ్ళలో ఆడాలో తరాల కిందటే పంచుకున్న హక్కు వాళ్ళది. ఆ హక్కును మిరాశి అంటారు. వాళ్ళు వచ్చి ఆడితే వాడ త్యాగం, అంటే వాళ్ళకు రావలసిన కట్నం, ఇచ్చుకోవాలి. మిగతా ఆటలు ఏవైనా సరే, జాంబపురాణం మాత్రం ఆడకుండా ఊరు దాటరు. ఆది జాంబవుడి నుంచి మా పుట్టుక చెప్పే కథ అది. పుస్తకాల్లో మాకు చోటు లేని రోజుల్లో, మా వంశం ఎంత పాతదో మాకు రాత్రంతా ఆడి చెప్పినవాళ్ళు వాళ్ళే. ఆ రుణం తలుచుకోకుండా నేను ఈ నాలుగు మాటలు రాయలేను.

మేళం వెంట నలభై రోజులు తిరిగాను. వేషం కట్టలేదు, నాకు పాట రాదు. పెట్టె మోశాను, ముఖానికి పూసే అర్దళం నూరాను, తెర పట్టాను, పెట్రోమాక్సుకు గాలి కొట్టాను. గజ్జెలు లెక్కపెట్టే ముసలాయనను అందరూ పెట్టెతాత అనేవాళ్ళు. ఒకప్పుడు ఆడ వేషాలకు పేరు పడ్డవాడట. మోకాళ్ళు పట్టేశాక తెర వెనక్కు వచ్చి కూర్చున్నాడు. నేను చూసినంత మేరకు ఆ మేళాన్ని నిలబెట్టినవి ఆయన చేతులే. ఇది ఆ చేతుల పని గురించి.

చిందు అంటేనే గంతు, ఎగురు. ఈ ఆటలో రాజైనా రాక్షసుడైనా నడిచి రాడు, చిందేసుకుంటూ వస్తాడు. దరువు మొదలైందంటే గిరగిరా తిరుగుతాడు, మోకాళ్ళ మీద కూలబడి లేస్తాడు, పాట పాడుతూనే ఎగురుతాడు. పొద్దుపొడిచే దాకా అదే ఆట. ఒంటి మీద వేసే ప్రతి వస్తువూ ఈ ఎగురుకు లొంగాలి. కిరీటం జారకూడదు, భుజకీర్తులు చెవులకు తగలకూడదు, వడ్డాణం ఊపిరికి అడ్డం రాకూడదు. అయినా ఎదురుగా నేల మీద కూర్చున్న వాడకట్టు జనానికి అవన్నీ మణుగుల బంగారంలా కనిపించాలి. ఈ రెండు అవసరాలూ ఒకదానికొకటి పగ. తెర వెనుక పనంతా వాటిని కలిపి కట్టే పని.

జనగామ పక్కనే పెంబర్తి ఉంది. ఇత్తడి రేకు మీద నగిషీ కొట్టడంలో ఆ ఊరి విశ్వకర్మలకు దేశమంతా పేరుంది. వాళ్ళు గుడులకు చేసిచ్చే కవచాలు, మకరతోరణాలు చూస్తే ఉలి దెబ్బకు రేకు పూవులా ఎలా విచ్చుకుందో అనిపిస్తుంది. ఆ ఊరు అంత దగ్గరుండగా కిరీటాలు అక్కడ చేయించవచ్చు కదా అని ఒకసారి పెట్టెతాతను అడిగాను. "గుళ్ళె దేవుడు కదలడు. మా దేవుడు ఎగరాలె" అన్నాడు. ఆ ఒక్క మాటతో రెండు పనితనాల మధ్య తేడా నాకు అర్థమైంది. పెంబర్తి పని కదలని ఒంటికి చేసేది. అది బరువు ఉన్నకొద్దీ శోభ. చిందు పని చెమట పట్టే ఒంటికి చేసేది.

అందుకే పొనికి చెక్క. నిర్మల్ బొమ్మలు చేసేది కూడా దీనితోనే. ఆరితే దూదిలా తేలిక, చాకుతో గీసినా తెగేంత మెత్తన, పగుళ్ళు తక్కువ. మేళం దగ్గర రెండు తరాల నాటి సొమ్ములు ఉండేవి. వాటిలో కొన్నిటిని పెట్టెతాత తండ్రి చెక్కాడు. కిరీటం లోపలి వైపు తిప్పి చూస్తే ఉలి గీతలు కనిపిస్తాయి. పైన ఎంత నునుపో లోపల అంత గరుకు. మొదట అది తొందర పని అనుకున్నాను. తర్వాత తెలిసింది, లోపల నున్నగా ఉంటే తలగుడ్డ మీద జారుతుందని కావాలనే గరుకుగా వదిలారట. గోడ మందం చూపుడు వేలి గోరంత. వెనక వైపు అసలు చెక్కే లేదు, ఎర్ర గుడ్డ కుట్టి వదిలారు. కిరీటం కింద తల చుట్టూ పెట్టే మెత్త మా అమ్మలు నీళ్ళ బిందె కింద పెట్టుకునే చుట్టబట్టే. దాన్ని తడిపి, పిండి, ఆటగాడి తలకు సరిగ్గా అదిమి, దాని మీద కిరీటం కూర్చోబెట్టేవాళ్ళు. తడి ఆరే లోపు అది తల ఆకారం పట్టుకుంటుంది. ఇక ఎంత ఎగిరినా కదలదు.

చెక్క మీద చింతగింజల జిగురు. గింజలు నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, ఉడికించి చిక్కబరుస్తారు. ఆ జిగురుతో పాత ధోవతి గుడ్డ పేలికలు అంటించి, పైన సుద్ద పూత, దాని మీద రంగు, రంగు మీద బేగడ. ఇదే చింతగింజల జిగురు చేర్యాల నకాషీల చేతిలోనూ ఉంటుంది. పాత వరంగల్ జిల్లాలో జనగామ వైపు ఊరైన చేర్యాల ఇప్పుడు సిద్దిపేటలోకి పోయింది. అక్కడి నకాషీలు కులపురాణాలు చెప్పేవాళ్ళకు బారెడు పటాలు రాసిచ్చేవాళ్ళు. మా జాంబపురాణాన్నే డక్కలివాళ్ళు పటం పరిచి చెప్తే, చిందువాళ్ళు ఒంటి మీద వేసుకుని చెప్పారు. రెండింటినీ పట్టి ఉంచింది చింతగింజే.

అద్దం బిళ్ళల సంగతి వేరే చెప్పాలి. ఒక మధ్యాహ్నం చింతచెట్టు నీడన పెట్టెతాత పాత భుజకీర్తికి రాలిపోయిన బిళ్ళలు తిరిగి పొదుగుతున్నాడు. పగిలిన అద్దాన్ని గోరంత ముక్కలుగా కోసి, అంచులు రాయి మీద అరగదీసి పక్కన పోగేశాడు. జిగురులో రంపపు పొట్టు కలిపి చిన్న చిన్న ఉండలు పెట్టి, ఒక్కో ఉండ మీద ఒక్కో ముక్క అదిమాడు. అదిమాక ప్రతిదాన్నీ బొటనవేలి గోటితో ఏదో ఒక పక్కకు కొంచెం వంచాడు. ఒకటి కుడికి, ఒకటి కిందికి, ఒకటి పైకి. నాకు అది వంకర పనిలా కనిపించి, ఒక ముక్కను తిన్నగా సర్దాను. నా చేయి పట్టుకుని ఆపాడు. "అన్ని ఒక్క తీరుగ పెడితె ఒక్కసారె మెరుస్తయి, ఒక్కసారె ఆరిపోతయి" అన్నాడు. భుజకీర్తిని ఎండలోకి పట్టి మెల్లగా తిప్పి చూపించాడు. వెలుగు ఒక బిళ్ళ నుంచి ఇంకో బిళ్ళకు పాకుతూ పోయింది. ఎక్కడా ఆగలేదు. ఆటగాడు కదులుతుంటే ఆ సొమ్ము మీద వెలుగు కూడా చిందేస్తుంది. నిలబడినవాడి మీద అది మామూలు అద్దం. ఈ లెక్క ఆయనకు ఎవరు చెప్పారో, ఏ తరంలో ఎవరు కనిపెట్టారో. అంత సూక్ష్మమైన పని ఆ తర్వాత పెద్ద పెద్ద రంగస్థలాల మీద కూడా నేను ఎక్కువగా చూడలేదు.

రంగుల పని పొద్దు వాలక ముందే మొదలయ్యేది. అర్దళం నూరడం నా వంతు. అది పచ్చటి రాయి, పలకలు పలకలుగా ఊడుతుంది. గరుకు బండ మీద నీళ్ళ చుక్క వేస్తూ గంటసేపు నూరితే వెన్నలా వస్తుంది. నలుసు మిగిలితే ముఖం మీద గీత పడుతుంది, చెమట పట్టగానే ఆ గీత వెంట రంగు కారిపోతుంది. తాత నా ముద్దను రెండు వేళ్ళ నడుమ రుద్ది చూసి, నాలుగైదు రోజుల దాకా రోజూ వెనక్కు పంపాడు. అర్దళంలో ఉండేది పాషాణమే. ఆర్సెనిక్, గంధకం కలిసిన ఖనిజం అది. పుస్తకం చదవకపోయినా తాతకు ఆ సంగతి తెలుసు. నూరాక మట్టితో మూడుసార్లు చేతులు కడిగిస్తే గానీ అన్నం ముట్టనిచ్చేవాడు కాదు. పిల్లలను బండ దాపులకు రానిచ్చేవాడు కాదు.

ముందు ముఖానికి కొబ్బరి నూనె, దాని మీద అర్దళం. పెదాలకు, బుగ్గలకు ఇంగిలీకం ఎరుపు. కళ్ళకు ఇంట్లో పట్టిన కాటుక. చివరికి చీపురుపుల్ల కొస నలిపి కుంచెలా చేసి, సఫేదాలో ముంచి కనుబొమ్మల మీదుగా చెంపల దాకా తెల్లటి చుక్కల వరస. ఆ చుక్కలు అందానికే పెడతారనుకున్నాను. ఒక రాత్రి తాత నన్ను తెర వెనుక నుంచి లేపి, జనం చివర వేపచెట్టు కింద కూర్చోబెట్టి చూడమన్నాడు. అంత దూరం నుంచి కళ్ళు కనిపించవు, పెదాలు కనిపించవు. చుక్కలు మాత్రం కనిపిస్తున్నాయి. కనుబొమ్మ లేచినప్పుడు చుక్కల వరస లేస్తోంది, కోపంతో ముడిపడినప్పుడు అది విరుగుతోంది. ముఖం కనపడని చోటుకు కూడా ఆ చుక్కలు కోపాన్ని చేరవేస్తున్నాయి. అప్పటి నుంచి నేను ఏ పని చేసినా ఒకసారి వేపచెట్టు కిందికి వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి.

పట్నంలో చదివేటప్పుడు ఒక స్నేహితుడి గదిలో బీటిల్స్ పాటలు విన్నాను. తర్వాత వాళ్ళ గురించి చదువుతుంటే మాల్ ఎవాన్స్ అనే ఆయన దగ్గర ఆగిపోయాను. లివర్‌పూల్‌లో టెలిఫోన్ శాఖలో పనిచేసిన భారీ మనిషి. 1963 నుంచి ఆ నలుగురి వాద్యాలు మోశాడు, బిగించాడు, కాపలా కాశాడు. ఆ ఏడాది జనవరి చలిలో లండన్ నుంచి ఇంటికి వస్తుంటే వ్యాను ముందద్దం పగిలిందట. మిగిలిన ముక్కలు గుద్ది పడేసి ఎదురుగాలికే రాత్రంతా నడిపాడు. వెనక నలుగురూ వెచ్చదనం కోసం ఒకరి మీద ఒకరు పడుకున్నారట. చదువుతుంటే నాకు తొర్రూరు బస్సు టాపు మీది పెట్టె గుర్తొచ్చింది. అయితే ఒక్క తేడా ఉంది. అక్కడ మోసేవాడు వేరు, పాడేవాడు వేరు. చిందు మేళంలో పెట్టె దింపిన చేతులే అర్దళం పూసుకుంటాయి, ఆ చేతులే గద పడతాయి, తెల్లవారాక ఆ చేతులే మళ్ళీ పెట్టె కడతాయి. ముసలితనం వచ్చినవాళ్ళు, నాలాంటి వెంటపడ్డ పిల్లలు మాత్రమే పూర్తిగా తెర వెనుక మనుషులు.

తొర్రూరు బస్సు సంగతి చెప్పుకోవాలి. ఆ రోజు పెట్టెకు తాడు కట్టింది నేను. ముడి తాత చూపించినట్టు కాక నాకు తోచినట్టు వేశాను. ఒక గతుకు దగ్గర తాడు వదులై పెట్టె ఒరిగింది, మూత తెరుచుకుంది, భుజకీర్తి ఒకటి టాపు కమ్మీకి కొట్టుకుని నడిమికి విరిగింది. ఆ రాత్రికి ఆట ఉంది. జిగురు కాచి అతికితే ఆరడానికి రెండు రోజులు పడుతుంది. నాకు ఏడుపు ఆగలేదు. తాత నన్ను ఒక్క మాట అనలేదు. ఊళ్ళో దిగాక ఎవరింట్లోనో కొత్త చీపురు అడిగి తెమ్మన్నాడు.

ఆయన చేసిన మరమ్మతు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. విరిగిన రెండు ముక్కలనూ గుడ్డ మీద పక్కపక్కన పెట్టి, పళ్ళు కలిసేలా నొక్కాడు. చీపురుపుల్లలు ఎనిమిది ఏరి జానెడు పొడవున తుంచాడు. వెనక వైపు విరుపుకు అడ్డంగా నాలుగు, ఏటవాలుగా నాలుగు పరిచాడు. కాలు విరిగితే కట్టుకట్టేవాళ్ళు వెదురు బద్దలు పెట్టినట్టు. పైన నూలు దారం. దారాన్ని ముందు మైనం మీద రెండుసార్లు లాగాడు, జారకుండా. చుట్టిన ప్రతి చుట్టునూ గోటితో కిందికి తోసి పక్క చుట్టుకు ఆనించాడు. ముందు వైపుకు దారం ఎక్కడ వస్తుందో అక్కడల్లా అది అద్దం బిళ్ళల సందులోంచే పోయింది. పని సగంలో ఉండగా బయట హార్మోనియం శృతి పట్టింది, గణపతి ప్రార్థన మొదలైంది. తాత వంతపాట అందుకున్నాడు. గొంతు పాటలో ఉంది, వేళ్ళు దారంలో ఉన్నాయి, ఒకదానికొకటి అడ్డం రాలేదు. తెర ముందుకు కీచకుడు వెళ్ళే వేళకు ఆఖరి ముడి పడింది. తూచి చూడలేదు గానీ, ఆ కట్టుతో పెరిగిన బరువు ఓ తమలపాకంత కూడా ఉండదు. ఆ రాత్రి ఆటంతా ఆ భుజం వైపే చూస్తూ కూర్చున్నాను. కదల్లేదు. మిగతా రోజులన్నీ ఆ కట్టు విప్పకుండానే ఆడారు.

మర్నాడు పొద్దున తాత నాకు ముడి వేయడం మళ్ళీ నేర్పించాడు. నా తప్పు గురించి ఆయన మాట్లాడింది అంతే.

తెర పట్టడం చూడ్డానికి తేలిక, పట్టిన చేతులకు తెలుస్తుంది. ఎర్ర గుడ్డ, ఇద్దరం చెరో కొస. దీపం ఎప్పుడూ తెర ముందే ఉండాలి. వెనక ఉంటే వేషం నీడ గుడ్డ మీద పడి, రాబోయేది ఎవరో ముందే తెలిసిపోతుంది. ముందు తెర కింద గజ్జెల కాళ్ళు మాత్రమే చూపించాలి. తర్వాత కిరీటం కొస. తర్వాత మద్దెల ముక్తాయింపు దగ్గర తెర ఒక్క దెబ్బన దించాలి. రెండు వైపులా ఒకేసారి దిగాలి. ఒక అరక్షణం నేను ఆలస్యమైతే సగం ముఖం ముందు కనిపించి, జనంలో లేవాల్సిన కేక సగంలోనే చచ్చిపోతుంది. మొదటి పదిరోజులూ నాకు అదే జరిగింది. తాళం వినకు, ఆటగాడి మడమ చూడు అన్నాడు తాత. ఎగరబోయే ముందు మడమ నేలను ఒకసారి తంతుంది. అదే గుర్తు. అది తెలిశాక నా చేతులు తప్పలేదు.

గజ్జెలు కంచువి. తంగేడు చెక్కతో పదును చేసిన తోలు పట్టీ మీద వరసలుగా కుట్టి ఉండేవి. ఆ తోలు మా వాడలవాళ్ళే చేసిచ్చింది. మద్దెల మూతలదీ మా తోలే. ఆట చూసేవాళ్ళ చేతి పని కూడా ఆటలో మోగేది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. ఆట ముందూ ఆట తర్వాతా గజ్జెలు లెక్కపెట్టడం నియమం. ఒకటి రాలితే తెల్లవారగానే, జనం తొక్కకముందే ఆటస్థలం జల్లెడ పట్టాలి. మద్దెల ఎడమ మూతకు రవ్వ ముద్ద అంటించి శృతి దింపేవాళ్ళు. నడిజామున చల్లదనానికి తోలు వదులైతే కర్రముక్కతో వారులు తట్టి బిగించేవాళ్ళు.

పెట్టె సర్దడానికి ఒక వరస ఉంది. రేపు ముందు కావలసింది పైన, చివర కావలసింది అడుగున. అడుగున వేపాకు, దాని మీద పాత చీరలు. కిరీటాలు ఒకదానిలో ఒకటి ఇమిడేలా చెక్కి ఉండేవి, చిన్నది పెద్దదాని కడుపులోకి. భుజకీర్తులు అద్దాల వైపు లోపలికి. సూది, మైనం, దారం మూత లోపలి సంచిలో. తెల్లవారి నిద్రమత్తులో ఏ వస్తువైనా చీకట్లో చేతికి దొరికేలా ఆ వరస. మూత వేశాక అగరుబత్తి తిప్పి దండం పెట్టుకునేవాడు తాత. అందులో ఎల్లమ్మ సొమ్ములు కూడా ఉండేవి కనుక ఆ పెట్టెను కాలితో తాకడం, దాని మీద కూర్చోవడం ఎవరూ చేయరు.

వరంగల్ జిల్లా 2016 అక్టోబరులో ముక్కలై జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి వేర్వేరు జిల్లాలయ్యాయి. మేళాలు తిరిగిన దారులకు ఈ గీతలు లేవు. 1990ల్లో, నేను ఉద్యోగంలో ఉండగా, అదే మేళం భూపాలపల్లిలో ఆడుతోందని తెలిసి వెళ్ళాను. సింగరేణి బొగ్గుబాయిలతో ఆ ఊరు అప్పుడప్పుడే పట్నం అవుతోంది. షిఫ్టు దిగినవాళ్ళు వస్తే గానీ ఆట మొదలు కాలేదు. ముందు వరసలో కూర్చున్నవాళ్ళ కళ్ళ చుట్టూ, ఎంత కడిగినా పోని బొగ్గుమసి కాటుకలా అంటుకుని ఉంది. ఎదురుగా వేషగాళ్ళ కళ్ళకు కాటుక. ఆ రెండు వరసల కళ్ళూ ఒకదాన్నొకటి చూసుకుంటుంటే నాకు ఒళ్ళు జలదరించింది.

ఆ రాత్రి కాలనీవాళ్ళు ట్యూబులైట్లు కట్టారు. రాముడు తెర దాటి వెలుగులోకి రాగానే ఏదో తేడా కొట్టింది. పెట్రోమాక్సు ముందు బంగారంలా వెలిగే అర్దళం ట్యూబులైటు కింద కామెర్ల ముఖంలా ఆకుపచ్చగా కనిపిస్తోంది. తాత అప్పటికి బాగా ముదిరిపోయాడు, చూపు తగ్గింది. అయినా కర్ర ఊతంతో లేచి, జనం వెనక్కు వచ్చి, నా పక్కన నిలబడి కళ్ళు చికిలించి చూశాడు. "మొకంల నెత్తురు లేదు" అన్నాడు. లోపలికి పోయి, తర్వాత రావలసిన వేషానికి అర్దళంలో చిటికెడు ఇంగిలీకం కలిపించాడు. చాలదని ఇంకో చిటికెడు. ఆ వేషం తెర దాటి వచ్చినప్పుడు ముఖం మళ్ళీ బంగారమైంది. తరతరాల నాటి రంగు పాళ్ళను మార్చడానికి ఆయనకు పట్టింది ఒక్క పాటంత సేపు. సంప్రదాయం అని మనం అనే మాటకు నాకు తెలిసిన అర్థం ఆ రెండు చిటికెలే.

జనగామ జిల్లా దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లి గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు మా వాడలో మిఠాయిలు పంచారు. ఐదు దశాబ్దాలలో 19 వేలకు పైగా ప్రదర్శనలు ఇచ్చారని ఆ ప్రకటనలో రాశారు. రోజుకు ఒకటి లెక్కన వేసుకున్నా యాభై ఏళ్ళు దాటే అంకె అది. చిందుకు ఇంత గౌరవం దక్కడం చూసి నా కడుపు నిండింది. అదే జిల్లా లింగాల ఘణపురం మండలం మాణిక్యాపురంలో పుట్టిన చుక్క సత్తయ్య గారు ఒగ్గుకథకు 2014 సంగీత నాటక అకాడమీ పురస్కారం తెచ్చారు. ఆ నేల గొప్పదనం అది. అయితే ఆ 19 వేలు చదవగానే నా మనసు అంకె వెనక్కు పోయింది. 19 వేల సార్లు పెట్టె తెరవాలి, 19 వేల సార్లు ముఖానికి రంగు వేయాలి, గజ్జెలు లెక్కపెట్టాలి, తెర పట్టాలి. ఆ పని చేసినవాళ్ళ పేర్లు ఏ ప్రకటనలోనూ పట్టవు. సమ్మయ్య గారి వంటి మహానటుడు కిరీటంతో ఎగిరిన ప్రతిసారీ ఆ కిరీటం కింద ఎవరో తడిపి అదిమిన చుట్టబట్ట ఒకటి ఉంటుంది.

పొనికి ఇప్పుడు సులువుగా దొరకడం లేదు. కొన్ని మేళాలు ఫైబరు కిరీటాలు కొంటున్నాయి, కొన్ని థర్మోకోల్ చెక్కి రంగు వేస్తున్నాయి. నేను వాటిని చిన్నచూపు చూడను. థర్మోకోల్ పొనికి కంటే కూడా తేలిక. తాత ఉంటే తప్పకుండా చేతిలోకి తీసుకుని, గోరుతో గిచ్చి చూసి ఉండేవాడు. కానీ అది చెమట పీల్చదు, విరిగితే చీపురుపుల్లకు పట్టు దొరకదు. కొన్న అద్దాల పట్టీలు ఒకే వరసలో తిన్నగా ఉంటాయి, ఒక్కసారే మెరిసి ఒక్కసారే ఆరిపోతాయి. అర్దళం దాదాపు పోయింది, డబ్బాల్లో వచ్చే రంగులు వచ్చాయి. పిల్లల ఒంటికి ఆ మార్పు మంచిదే.

ఈ మధ్య దేవరుప్పుల వైపు ఒక ఊళ్ళో ఆట ఉంటే వెళ్ళాను. బడి వరండాలో వేషాలు కడుతున్నారు. డిగ్రీ చదువుతున్న ఒక పిల్లవాడు సైంధవుడి రంగు వేసుకుని, మైదానంలో కట్టిన ఎల్‌ఈడీ లైట్ల కిందికి వెళ్ళి, తమ్ముడి చేతికి ఫోను ఇచ్చి పది బారల దూరం నుంచి ఫోటో తీయమన్నాడు. తిరిగి వచ్చి ఆ ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి చూసుకున్నాడు. ముఖం తెల్లగా పాలిపోయి కనిపిస్తోంది. "ఇంకింత ఎరుపు పడాలె తమ్మీ" అని డబ్బా మూత తీశాడు. కాస్త పూసుకుని మళ్ళీ లైట్ల కిందికి నడిచాడు. ఫోను పట్టుకున్న తమ్ముడు ఈసారి ఇంకా వెనక్కు, జనం చివర ఉన్న వేపచెట్టు దాకా వెళ్ళి నిలబడ్డాడు.